గిల్లేవాణ్ని అమ్ముకోకండి: టొరంటో మేపుల్ లీఫ్స్‌కు ఒక బహిరంగ లేఖ

జనరల్ మేనేజర్ బ్రాడ్ ట్రెలివింగ్ గారికి,
కోచ్ క్రెయిగ్ బెరూబే గారికి,

బ్రాంప్టన్, 2025 సెప్టెంబరు

నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నా కాబట్టి మీ దాకా రాదని తెలుసు. మీకు ఇంగ్లిషులో వచ్చే తిట్లకే లెక్కలేదు, మళ్ళీ ఇదొకటి ఎందుకని కూడా అనుకున్నా. కానీ బ్రాంప్టన్‌లో, మిసిసాగాలో, మార్కమ్‌లో ప్రతి ఏప్రిల్‌లో మీ ఐస్ హాకీ జట్టు వల్ల బీపీ పెంచుకుని, మే సగానికల్లా "ఇక జన్మలో చూడను" అని ఒట్టేసుకునే తెలుగువాళ్ళం చాలామందిమే ఉన్నాం. అక్టోబరు రాగానే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడతాం. మీరు చదవకపోయినా వాళ్ళు చదువుతారు.

నాది వరంగల్ దగ్గర ఒక పల్లె. 2012 చివర్లో కెనడా వచ్చి, బ్రాంప్టన్‌లో ఒక సర్దార్జీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు దిగా. అప్పటికి నాకు హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిందే. ఆ ఏడు లాకౌట్ వల్ల సీజన్ జనవరిలో గానీ మొదలుకాలేదు. శనివారం సాయంత్రం అయ్యేసరికి సర్దార్జీ నన్ను పైకి పిలిచి, చేతిలో టీ గ్లాసు పెట్టి, టీవీలో పంజాబీ కామెంటరీ పెట్టేవాడు. నాకొచ్చిన హిందీతో అందులో సగం అర్థమయ్యేది, మిగతా సగం ఆయన అరుపుల్ని బట్టి ఊహించుకునేవాణ్ని. అలా నేను హాకీ నేర్చుకున్నది పంజాబీలో.

2013 మే 13 రాత్రి బోస్టన్‌తో ఏడో మ్యాచ్, ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాతి నాకౌట్ రౌండ్లలో) ఏడు మ్యాచుల సిరీస్‌కి ఆఖరిది. గెలిచినవాళ్ళు పై రౌండుకి, ఓడినవాళ్ళు ఇంటికి. ఆఖరిదైన మూడో పీరియడ్ మొదట్లో మన నజెమ్ కాద్రీ గోల్ కొట్టి స్కోరు 4-1 చేశాడు. సర్దార్జీ లేచి భాంగ్రా మొదలుపెట్టాడు. తర్వాత జరిగింది మీకు చెప్పక్కర్లేదు, మావాళ్ళ కోసం చెబుతున్నా. 4-2 అయింది. ఆట ముగియడానికి 82 సెకన్లుందనగా 4-3. ఇంకో 31 సెకన్లకు 4-4. ఓవర్‌టైమ్‌లో బోస్టన్ గెలిచింది. సర్దార్జీ టీవీ ఆపకుండానే వెళ్ళి పడుకున్నాడు.

ఆ రాత్రి ఒక వైపు కాద్రీ, ఇంకో వైపు బ్రాడ్ మార్షాండ్ ఉన్నారు. నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ఇద్దరి కథలోనే ఉంది. కానీ ముందు మావాళ్ళకు ఈ జాతి ఆటగాడి గురించి కాస్త చెప్పాలి. ఓపిక పట్టండి.

ఈ దేశంలో వీళ్ళని 'పెస్ట్' అంటారు. పత్తి పండించే ఇంట్లో పుట్టినవాణ్ని, నాకు పెస్ట్ అంటే పురుగుమందు డబ్బా మీద కనిపించే మాట. మొదట విన్నప్పుడు మనిషిని పురుగంటారేంటని నొచ్చుకున్నా. తర్వాత తెలిసింది, ఆ మాటలో తిట్టెంతో మెప్పూ అంతే. మన బడి భాషలో చెప్పాలంటే గిల్లికజ్జాల వాడు. టీచరు బోర్డు వైపు తిరిగినప్పుడు ముందు బెంచీవాణ్ని గిల్లుతాడు. వాడు వెనక్కి తిరిగి చెంప మీద కొట్టేసరికి టీచరు ఇటు తిరుగుతుంది. గిల్లుడు ఆవిడకి కనిపించలేదు, చెంపదెబ్బ కనిపించింది. కొట్టినవాడికి గోడకుర్చీ.

ఐస్ హాకీలో ఆ గోడకుర్చీనే పెనాల్టీ బాక్స్ అంటారు. చిన్న తప్పుకి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ వాళ్ళ జట్టు గోలీని (గోల్ కీపర్ని) లెక్కలోంచి తీసేస్తే నలుగురితో ఆడాలి, ఎదుటి జట్టు ఐదుగురితో. గిల్లేవాడికి జట్టులో ఉద్యోగం దొరికేది మొదట ఈ లెక్క మీదే.

అయితే ఇది పైపై లెక్క. లోపల జరిగేది ఇంకోటి. మహాభారతంలో శల్యుడు కర్ణుడికి రథం తోలాడు. ఎదురుగా అర్జునుడు బాణాలేస్తుంటే, పక్కన కూర్చున్న శల్యుడు నోటితో కర్ణుడి తేజోవధ చేశాడు. మంచి పెస్ట్ చేసేది ఆ శల్యసారథ్యమే, ఎదుటివాడి రథం ఎక్కి మరీ. పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) కోసం మూలకి వెళ్ళిన డిఫెన్స్‌మన్‌కి వెనకాల స్కేట్ల చప్పుడు వినిపిస్తుంది. మొదటి పీరియడ్‌లో అదే చప్పుడు వెనక రెండుసార్లు గోడకి గుద్దుకుని ఉంటాడు. మూడోసారి వెనక్కి చూడకుండా, ఎవరికి పోతుందో తెలియకుండా పక్‌ని నెట్టేస్తాడు. గోలీ కళ్ళ ముందు ఒకడు అడ్డంగా నిలబడి, నెడితే పోడు, పోయినట్టే పోయి మళ్ళీ వస్తాడు. విజిల్ వేశాక కూడా గ్లవ్‌తో మొహం రుద్దుతాడు, ఏదో గొణుగుతాడు. గంట గడిచేసరికి ఎదుటి జట్టులో సగం మంది ఆట మానేసి వీడి సంగతి చూద్దామనే ఆలోచనలో ఉంటారు.

ఇదంతా ఎదుటివాళ్ళకి చేసే నష్టం. సొంతవాళ్ళకి కలిగే లాభం ఇంతకన్నా పెద్దదని నా నమ్మకం. లెక్కల్లో అది దొరకదు కాబట్టి దాన్ని ఎవరూ సరిగ్గా రాయరు. మా ఊళ్ళో కబడ్డీ ఆడేటప్పుడు మా చిన్నాన్న కొడుకు ఒకడుండేవాడు. బక్కపలుచగా, గట్టిగా గాలేస్తే పడిపోయేలా. కూతకు వెళ్ళే ముందు తొడగొట్టి, అవతలి జట్టులో అందరికన్నా లావుగా ఉన్నవాణ్ని చూసి నవ్వేవాడు. సగం సార్లు ఎవర్నీ తాకకుండానే తిరిగొచ్చేవాడు. కానీ వాడు వచ్చేసరికి అవతలివాళ్ళు ఒకర్నొకరు తిట్టుకుంటూ ఉండేవాళ్ళు, ఇటువైపు మాకు మాత్రం ఎక్కడలేని హుషారు. ఆ ముందు కూతలో అవుటై బయట కూర్చున్నవాడు కూడా లేచి నిలబడేవాడు. వాడేం పాయింట్లు తెచ్చాడని అడిగితే చెప్పడానికేం లేదు. వాడు రాని రోజు మాత్రం మేం ఓడిపోయేవాళ్ళం.

హాకీలో ఆ హుషారుకి ఒక చప్పుడుంది. ఒకడు వెళ్ళి గట్టిగా గుద్దినప్పుడు, లేదా పక్‌కి అడ్డంగా ఒళ్ళు పడేసినప్పుడు బెంచ్ మీదున్నవాళ్ళంతా స్టిక్కులతో బోర్డుని (ఐస్ చుట్టూ ఉండే అడ్డుగోడని) కొడతారు. టకటకా. టీవీలో సరిగ్గా వినపడదు. మీ అరీనాలో పై వరసల్లో కూర్చున్నా వినపడుతుంది. (కింది వరసల ధర నా జీతానికి అందదు, అది వేరే ఉత్తరం.) ఆ చప్పుడు తర్వాత వచ్చే షిఫ్టు చూడండి. నలభై యాభై సెకన్లు ఆడి దిగిపోవాల్సినవాళ్ళు, అంతకుముందు ఐదు నిమిషాలు నిద్రలో నడిచినట్టు ఆడినవాళ్ళు, ఒక్కసారిగా పక్ మీద పడతారు.

టొరంటోకి ఇది తెలియదని ఎవరూ అనలేరు. మీ జట్టును ఈ ఊరు గుండెల్లో పెట్టుకున్నది అలాంటివాళ్ళ వల్లే. 1993లో లాస్ ఏంజెలెస్ కింగ్స్‌తో మొదటి మ్యాచ్‌లో మార్టీ మెక్‌సోర్లీ వచ్చి డగ్ గిల్‌మోర్‌ని గుద్దిపడేస్తే, ఆ మరుక్షణం వెండెల్ క్లార్క్ మెక్‌సోర్లీ మీద పడ్డాడు. ఆ ఏడు మీరు స్టాన్లీ కప్పు గెలవలేదు, ఫైనల్‌కి కూడా వెళ్ళలేదు. అయినా ముప్పై ఏళ్ళు దాటాక కూడా మా ఆఫీసులో తెల్లజుట్టు పెద్దమనుషులు ఆ ఫైట్ గురించి నిన్న జరిగినట్టు చెబుతారు. గిల్‌మోర్ కూడా తక్కువవాడేం కాదు. ఆ సీజన్‌లో 127 పాయింట్లు (కొట్టిన గోల్సూ, గోల్‌కి అందించిన అసిస్టులూ కలిపి), లీగ్‌లో ఉత్తమ డిఫెన్సివ్ ఫార్వర్డ్ అవార్డు, మారుపేరేమో 'కిల్లర్'. గొడవ పడేవాడూ గోల్ కొట్టేవాడూ ఒకే ఒంట్లో ఉండొచ్చని ఈ ఊరికి అప్పుడే తెలుసు.

ఇక ఇప్పటి సంగతి. 1967 తర్వాత కప్పు లేదన్నది అందరూ అనే మాటే, నేను మళ్ళీ అనను. ఇంకో లెక్క చెబుతా. 2019లో బోస్టన్‌తో, 2021లో మాంట్రియల్‌తో, 2022లో టాంపాతో, 2024లో మళ్ళీ బోస్టన్‌తో, 2025లో ఫ్లోరిడాతో ఏడో మ్యాచ్ ఆడారు. ఐదూ ఓడారు. ఆ ఐదింటిలో ప్రతి మ్యాచ్‌లోనూ మీరు కొట్టింది సరిగ్గా ఒక్క గోలు. మాథ్యూస్, మార్నర్, నీలాండర్, టవారెస్ లాంటివాళ్ళున్న జట్టు! సీజన్‌లో 82 మ్యాచుల్లో గోల్స్ కురిపించినవాళ్ళు, ఒక్క రాత్రి ఎలాగైనా గెలవాలంటే ఒకటి దగ్గరే ఆగిపోతారు. ఐదుసార్లు.

కారణం నైపుణ్యం లేకపోవడమైతే కాదు. ప్లేఆఫ్స్‌లో రిఫరీలు విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోతారు. అందమైన పాసులకి చోటు దొరకదు. గోల్ పోస్టు ముందు ఒంటిమీద నాలుగు దెబ్బలు తిని, పక్ ఎక్కడో తగిలి పడే గోల్స్ కావాలి అప్పుడు. ఒకడు వెళ్ళి గొడవ మొదలుపెట్టాలి, ఆ గొడవలో నుంచి అవకాశం పుట్టాలి. మేలో ఫ్లోరిడాతో ఏడో మ్యాచ్ 6-1తో పోయినప్పుడు మీ ఆ ఒక్క గోలు కొట్టిందెవరు? మ్యాక్స్ డోమీ. వాళ్ళ నాన్న టై డోమీ కొట్టుకోవడంలోనే పేరు తెచ్చుకున్న మనిషి. మ్యాక్స్‌కి కూడా నోరూ చెయ్యీ ఊరుకోవు. ఆ రాత్రి మీ వాళ్ళలో కోపంగా ఆడుతున్నట్టు నాకు కనిపించింది అతనొక్కడే. ఆ గోలుకి ఊరు ఊపిరి పీల్చుకునే లోపే, నిమిషం కూడా కాకుండా, మార్షాండ్ లైను (కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు) నుంచి జవాబు వచ్చేసింది.

ఇప్పుడు కాద్రీ దగ్గరికి వద్దాం.

2009 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, ఏడో ఎంపికగా మీ క్లబ్బే తీసుకుంది. ఆంటారియో కుర్రాడు, లెబనాన్ నుంచి వచ్చిన కుటుంబం. మాలాంటి వలసవాళ్ళ ఇళ్ళలో అతనంటే ప్రత్యేకమైన అభిమానం, దాచుకోవడమెందుకు. వరసగా రెండు సీజన్లు 32 గోల్స్ చొప్పున కొట్టాడు. ఎదుటివాళ్ళ చేత పెనాల్టీలు చేయించడంలో లీగంతా పేరు. కాకపోతే నిప్పు పొయ్యిలోనే ఉండదు కదా. 2018లో బోస్టన్‌తో మొదటి మ్యాచ్‌లోనే ఒకణ్ని బోర్డులకేసి కొట్టి మూడు మ్యాచుల నిషేధం తెచ్చుకున్నాడు. 2019లో మళ్ళీ బోస్టన్, మళ్ళీ కాద్రీ, ఈసారి స్టిక్‌తో మొహం మీద. మిగతా రౌండంతా నిషేధం. రెండుసార్లూ ఏడో మ్యాచ్‌లో ఓడాం. ఆ జులైలో అతన్ని కొలరాడోకి ఇచ్చేశారు. అప్పుడు మీరిద్దరూ ఇక్కడ లేరు, ఒప్పుకుంటా. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను కూడా "పీడ విరగడైంది" అన్నా. సర్దార్జీ మాత్రం తల అడ్డంగా ఊపాడు.

2022లో కాద్రీ కొలరాడోకి 87 పాయింట్లు చేశాడు. సెయింట్ లూయిస్ గోలీతో గుద్దుకున్నాక జాతి పేరు పెట్టి, మతం పేరు పెట్టి బెదిరింపులొస్తే, ఆ తర్వాతి మ్యాచ్‌లోనే మూడు గోల్స్ కొట్టి వాళ్ళ ఊళ్ళోనే నిలబడి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నట్టు ఆడాడు. బొటనవేలికి ఆపరేషన్ అయి, ఫైనల్లో నాలుగో మ్యాచ్‌కి తిరిగొచ్చి ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టాడు. కప్పు గెలిచాక, ప్లేఆఫ్స్‌లో తనని జట్టుకి భారమన్నవాళ్ళకి ఐస్ మీద నుంచే ఒక సందేశం పంపాడు. అది ఇక్కడ రాయదగ్గది కాదు. నాకు మాత్రం బాగా తగిలింది.

మార్షాండ్ కథ దీనికి అద్దంలో బొమ్మ. 2018లో కాద్రీ నిషేధం తెచ్చుకున్న అదే సిరీస్‌లో మార్షాండ్ మన కొమరోవ్ మొహం నాకాడు. అవును, నాలుకతోనే. కొన్ని వారాల తర్వాత టాంపా ఆటగాణ్ని కూడా నాకితే అప్పుడు గానీ లీగు పిలిచి ఇక చాలించమని చెప్పలేదు. ఒబామా వైట్‌హౌస్‌లో బోస్టన్ జట్టుని సత్కరిస్తూ ఇతనికున్న 'ద్వేషపు చిట్టి బంతి' అన్న మారుపేరు చెప్పి నవ్వాడు. ఇతనికి నిషేధాలు ఎనిమిది. ఎనిమిదిసార్లు బోస్టన్ ఇబ్బంది పడింది, ఎనిమిదిసార్లూ ఉంచుకుంది. ఆ ఉంచుకున్న కాలంలోనే అతను వంద పాయింట్ల ఆటగాడయ్యాడు. 2023లో కెప్టెన్ని చేశారు. మొహం నాకినవాడు కెప్టెన్! మనమైతే ఏ ఏడు అమ్మేసేవాళ్ళమో.

చివరికి బోస్టన్ కూడా 2025 మార్చిలో అతన్ని ఫ్లోరిడాకి ఇచ్చింది. ఒక డ్రాఫ్ట్ పిక్ (ఎంపిక వంతు) ఖరీదుకి. మే నెలలో మన సిరీస్ మధ్యలో 37వ పుట్టినరోజు చేసుకున్నాడు. దానికి రెండు రోజుల ముందే, రెండు మ్యాచులు మనం గెలిచి ఉండగా, మూడో మ్యాచ్‌ ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టి సిరీస్‌ని మళ్ళీ బతికించాడు. ఏడో మ్యాచ్‌లో ఒక గోలు, రెండు అసిస్టులు. టొరంటోతో ఏడో మ్యాచ్ ఐదుసార్లు ఆడాడు: 2013, 2018, 2019, 2024, 2025. ఐదుసార్లూ గెలిచాడు. ఫ్లోరిడాలో అతన్ని మూడో లైన్లో ఇద్దరు ఫిన్లాండ్ కుర్రాళ్ళతో ఆడించారు, లుండెల్, లూస్టారినెన్. ఇద్దరూ నెమ్మదస్తులు. ఈయన పక్కన చేరాక ఆ లైను గిట్టనివాళ్ళ ఇంటి ముందు డప్పు కొట్టినట్టు ఆడింది. ఫైనల్లో మార్షాండ్ ఆరు గోల్స్ కొట్టాడు. గెలిచిన ప్రతిసారీ, అక్కడి అభిమానులు ఐస్ మీదికి విసిరిన ప్లాస్టిక్ ఎలుకల్ని జట్టువాళ్ళు స్టిక్కులతో అతని మీదికే కొట్టేవాళ్ళు. ఆ జట్టు అతన్ని ఎంత ఇష్టపడిందో అర్థం కావడానికి నాకు ఆ ఎలుకలు చాలు.

ట్రెలివింగ్ గారూ, ఇక్కడ మీ పేరు రాక తప్పదు.

2014లో కాల్గరీలో మీరు మేనేజర్ అయిన కొత్తల్లో నాలుగో ఎంపికగా తీసుకున్న కుర్రాడు సామ్ బెనెట్. డ్రాఫ్ట్‌కి ముందు పరీక్షల్లో ఒక్క పులప్ కూడా తీయలేకపోయాడని లోకమంతా నవ్వినా మీరు తీసుకున్నారు, అది మీ గొప్పే. అతను పెరిగింది టొరంటోకి ఉత్తరాన హాలండ్ ల్యాండింగ్‌లో. జూనియర్ హాకీ ఆడింది కింగ్‌స్టన్‌లో, అప్పుడు ఆ జట్టు మేనేజర్ ఎవరో కాదు, మన గిల్‌మోరే. 2016లో ఆరో ఎంపికగా మీరు తీసుకున్నవాడు మాథ్యూ కచక్. (పేరు ముందున్న 'టీ' పలకరు. సర్దార్జీ నన్ను మూడుసార్లు దిద్దాడు.) తర్వాత 2022లో కాద్రీతో కూడా ఏడేళ్ళ ఒప్పందం రాసింది మీరే. అంటే నేను ఈ ఉత్తరంలో మెచ్చుకుంటున్నవాళ్ళలో ముగ్గురు మీ చేతి మీదుగా నడిచినవాళ్ళు. గిల్లేవాణ్ని గుర్తుపట్టే కన్ను మీకుంది. ఉంచుకోవడం దగ్గరే తేడా వచ్చింది.

కచక్ విషయంలో మీ తప్పు పెద్దగా లేదు. అతనే ఎక్కువ కాలానికి సంతకం పెట్టనన్నాడు. బెనెట్ సంగతి వేరు. కాల్గరీలో ఏళ్ళ తరబడి కింది లైన్లలో, సెంటర్ ఆడాల్సినవాణ్ని వింగ్‌లో తిప్పారు. 2021 ఏప్రిల్‌లో ఒక రెండో రౌండు పిక్కుకీ ఒక కుర్రాడికీ ఫ్లోరిడాకి ఇచ్చారు. వాళ్ళు వెంటనే రెండో లైన్లో సెంటర్‌గా పెట్టారు. మొదటి పది మ్యాచుల్లో 15 పాయింట్లు. మనిషి అదే, గిల్లుడూ అదే. మారింది చోటు. నాలుగేళ్ళ తర్వాత ప్లేఆఫ్స్‌లో 15 గోల్స్ కొట్టి, అందరిలోకీ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ తీసుకున్నాడు.

ఫ్లోరిడా కూడా ఒకప్పుడు మనలాంటిదే. 2022లో సీజన్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు, గోల్స్ వరద, రెండో రౌండులో టాంపా చేతిలో నాలుక్కి నాలుగు ఓటములు. ఆ వేసవిలో 115 పాయింట్లు చేసిన హ్యూబర్డోని, అతనితో పాటు ఒక మంచి డిఫెన్స్‌మన్‌ని ఇచ్చి కచక్‌ని తెచ్చుకున్నారు. ఆ బేరంలో అవతలి వైపు సంతకం మీదే, ఫోన్ పెట్టేశాక వాళ్ళు ఎందుకంత తెగించారో మీకన్నా తెలిసినవాళ్ళెవరు? అప్పటి నుంచి వరసగా మూడు ఫైనల్స్, రెండు కప్పులు.

ఈ జూన్ ఆఖర్లో మన మార్నర్ వెళ్ళిపోయాడు. నిరుడు 102 పాయింట్లు చేసినవాడు. బదులుగా వేగస్ నుంచి నికోలస్ రువా వచ్చాడు. మంచి కష్టజీవే. వాంకూవర్ నుంచి డకోటా జాషువాని తెచ్చారు, అతనూ ఒళ్ళు దాచుకోడు. మార్చిలో ఫార్వర్డ్ స్కాట్ లాటన్ కోసం మొదటి రౌండు పిక్ కూడా ఇచ్చారు. కాబట్టి మీరు ఖర్చు పెట్టలేదని నేననను. జట్టు డీఎన్ఏ మారాలని మేలో మీరే అన్నారు. నా భయమల్లా మీరు ఆ డీఎన్ఏని కింది లైన్లలోనే నింపుతున్నారని. పప్పులో వేయాల్సిన తాలింపు పక్కన గిన్నెలో పెట్టి వడ్డిస్తే దాన్ని ఎవరు ముట్టుకుంటారు?

ర్యాన్ రీవ్స్ విషయంలో జరిగింది అదే. మనిషి కొండ. మాట సరదాగా ఉంటుంది, లాకర్ రూములో అందరికీ ఇష్టుడని విన్నా. కానీ మ్యాచ్‌లో కాసేపు కనిపించి దిగిపోయేవాడు. ఎదుటి జట్టు కోచ్ అతను ఐస్ మీదున్నప్పుడు తన స్టార్లని పంపడు, అంతే, ఇక అతను ఎవర్ని గిల్లాలి? చివరికి ఈ మార్చిలో అతన్ని మీ కింది జట్టు మార్లీస్‌కి పంపారు. కొట్లాటకి మనిషిని కొనుక్కోవడం, గిల్లేవాణ్ని పెంచుకోవడం రెండూ వేరు వేరు పనులు. భయపెట్టేవాణ్ని తప్పించుకోవచ్చు. కచక్‌ని, మార్షాండ్‌ని తప్పించుకోలేరు. వాళ్ళు ప్రతి రెండు నిమిషాలకోసారి వస్తారు, ఎదుటివాడు గోడకుర్చీలో ఉన్నప్పుడు ఆడే పవర్ ప్లేలో కూడా వస్తారు, ఆఖరి నిమిషంలో స్కోరు సమానంగా ఉన్నప్పుడు కూడా వాళ్ళే ఉంటారు.

బెరూబే గారూ, మీకు నేను కొత్తగా చెప్పేదేముంది. ఆడిన రోజుల్లో మూడు వేల నిమిషాలకు పైగా పెనాల్టీ బాక్స్‌లో కూర్చున్నారు. గోడకుర్చీ విలువ మీకు తెలిసినంతగా లీగ్‌లో కొద్దిమందికే తెలుసు. 2019 జనవరి మొదట్లో లీగ్‌లో అట్టడుగున ఉన్న సెయింట్ లూయిస్‌ని జూన్‌లో కప్పు దాకా తీసుకెళ్ళారు, అదీ బోస్టన్‌కి వెళ్ళి ఏడో మ్యాచ్‌లో. ఆ మార్షాండ్‌ని ఏడో మ్యాచ్‌లో ఓడించిన మనిషి ఇప్పుడు మన బెంచ్ వెనకే నిలబడి ఉన్నారు. అందుకే నాకింకా ఆశ.

ఒక విషయంలో నన్ను తప్పుగా అర్థం చేసుకోవద్దు. ఈ జాతిని నేను దేవుళ్ళని చేయట్లేదు. 2023లో ఇదే బెనెట్ మన కుర్రాడు మాథ్యూ నైజ్‌ని ఎత్తి కింద పడేస్తే తలకి దెబ్బ తగిలి ఆ సిరీస్‌లో మళ్ళీ దిగలేదు. 2025లో మొదటి మ్యాచ్‌లోనే అతని మోచేయి మన గోలీ స్టోలార్జ్ తలకి తగిలింది. అంతకుముందు ఏడు ఇద్దరూ ఒకే జట్టులో కప్పు ఎత్తినవాళ్ళు. స్టోలార్జ్ కాసేపటికి ఆట వదిలి ఆసుపత్రికి వెళ్ళాడు, సిరీస్‌లో మళ్ళీ ఆడలేదు. బెనెట్‌కి పెనాల్టీ కూడా పడలేదు. ఆ రాత్రి నేను టీవీ ముందు వాడిన మాటలకి మా ఆవిడ పిల్లని లోపలికి తీసుకెళ్ళింది. తలల మీదికి వెళ్ళేదాన్ని ఆటని ఎవరూ అనకూడదు, లీగు దాన్ని ఇంకా గట్టిగా ఆపాలి. నేను కాద్రీ స్టిక్ దెబ్బని అప్పుడూ సమర్థించలేదు, ఇప్పుడూ సమర్థించను. అలాంటివాడికి లీగు శిక్ష వేయాలి, జట్టు కూడా గట్టిగా చెప్పాలి. చెప్పడానికీ అమ్మేయడానికీ మధ్య చాలా దూరం ఉంది. బోస్టన్ ఆ దూరమంతా నడిచింది.

నిప్పున్నవాడు ఎప్పుడో ఒకసారి చెయ్యి కాలుస్తాడు. పోయిన నెల ఓవల్ టెస్టు చివరి రోజు చూశారా? మీరు చూసి ఉండరులెండి. మా హైదరాబాద్ కుర్రాడు మహ్మద్ సిరాజ్. ఆ సిరీస్‌లోనే లార్డ్స్‌లో అవుటైన బ్యాటర్ మొహం మీదికెళ్ళి అరిచి మ్యాచ్ ఫీజులో 15 శాతం పోగొట్టుకున్నాడు. ఓవల్లో నాలుగో రోజు చేతిలో పడ్డ క్యాచ్‌తో బౌండరీ తొక్కి ఊరందరి చేతా తిట్లు తిన్నాడు. ఐదు టెస్టుల్లో 185 ఓవర్లకు పైగా వేసిన ఒళ్ళు. ఐదో రోజు పొద్దున్నే వచ్చి మిగిలిన నాలుగు వికెట్లలో మూడు తీసి ఆరు పరుగులతో గెలిపించాడు. అరిచినవాడూ గెలిపించినవాడూ వేరు వేరు మనుషులైతే బాగుండు, సెలెక్టర్లకి పని సులువయ్యేది.

అడగాల్సింది అడిగేస్తా. నైజ్ గోల్ పోస్టు ముందు నిలబడినప్పుడు అతన్ని నెట్టిన ప్రతివాడికీ మనవాళ్ళ నుంచి జవాబు రావాలి, మాథ్యూస్ నుంచి కూడా. డోమీకి నాలుగో లైన్లో ఆరు నిమిషాలిచ్చి నోరు మూసుకోమనకండి, ఆడేవాళ్ళ పక్కన పెట్టండి. అతను నెలకొకసారి పిచ్చి పెనాల్టీ తీసుకుంటాడు, తీసుకోనీండి, బెరూబే గారు బెంచ్ దగ్గర నాలుగు తిట్టి మళ్ళీ పంపుతారు. జాషువాకి గుద్దే పని ఒక్కటే కాకుండా పక్ తీసుకుని గోల్ వైపు వెళ్ళే పని కూడా ఇవ్వండి. ఇక డ్రాఫ్ట్‌లో ఎక్కడో సామ్ బెనెట్ లాంటి ఇంకో కుర్రాడు కనపడితే తీసుకోండి. ఈసారి అతను ఇరవై నాలుగేళ్ళకి విసిగిపోయి వేరే ఊరు వెతుక్కునే అవసరం రానివ్వకండి.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఇక్కడి హౌస్ లీగ్‌లో ఆడుతుంది. జట్టులో అందరికన్నా చిన్నది, స్కేటింగ్ కూడా అంతంత మాత్రమే. కానీ పక్ మూలకి పోతే అందరికన్నా ముందు అక్కడుంటుంది, పెద్ద పిల్లల కాళ్ళ మధ్య దూరి స్టిక్‌తో కెలుకుతూనే ఉంటుంది. పోయిన సీజన్ చివర్లో ఒక పాప ఏడుపు మొహంతో వాళ్ళ అమ్మకి "ఆ చిన్నది నన్ను వదలట్లేదు" అని చెప్పుకుంటుంటే నాకు సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ గర్వమేసింది. ఇంటికొచ్చాక పిల్లని అడిగా, ఎవర్ని చూసి నేర్చుకున్నావే అని. 63 అంది.

అరవై మూడంటే మార్షాండ్. ఇప్పుడు ఆ నంబరున్న ఫ్లోరిడా జెర్సీ కావాలట. పన్నెండేళ్ళుగా నా ప్రాణం తోడేసిన మనిషి జెర్సీ, నా ఇంట్లో, నా డబ్బుతో. లీఫ్స్‌లో ఎవరిదైనా కొంటానంటే, "మరి మనవాళ్ళలో అలా ఆడేదెవరు?" అని అడిగింది. మ్యాక్స్ డోమీ పేరు చెప్పా. ఎన్ని నిమిషాలు ఆడతాడని అడిగింది. పిల్లకి క్రిస్మస్ దాకా గడువు చెప్పి తప్పించుకున్నా. అప్పటిదాకా మీకూ అదే గడువు.

ఇట్లు,
బ్రాంప్టన్ బేస్‌మెంట్ నుంచి ఈమధ్యే పై అంతస్తుకి మారిన మీ అభిమాని